స్టేక్: లోపల ఎర్రగా ఉంటే పచ్చిదేనా..? ఆ ఎర్ర నీళ్లు రక్తమేనా..? ఇంట్లో వండే ముందు ఈ లెక్క తెలియాల్సిందే!

పొగలు కక్కుతున్న పెనం.. దాని మీద పడగానే చుయ్‌మనే మందపాటి మాంసం ముక్క.. పైన కరుగుతున్న వెన్న.. కత్తి పెట్టి కోయగానే లోపల గులాబీ రంగు! ఫోన్‌లో రీల్స్ చూసేవాళ్లకు ఈ సీన్ కొత్తేమీ కాదు. ముఖ్యంగా అమెరికాలో ఉంటున్న తెలుగు కుర్రాళ్లలో మాంసాహారం అలవాటున్న చాలామంది స్టేక్‌ను ఒక్కసారైనా ఇంట్లో ట్రై చేద్దామనుకుంటారు. హోటల్లో తింటే బిల్లు వాచిపోతుంది మరి.

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. వీడియో మొత్తం 40 సెకన్లు. అందులో చూపించేది ముక్క పెనం మీద పడటం, ప్లేట్‌లోకి రావడం. మధ్యలో జరిగింది ఎడిటింగ్‌లో పోయింది. అది నమ్మి ఇంట్లో వండితే ఫలితం సాధారణంగా రెండు రకాలుగా ఉంటుంది. లోపల ఎర్రగా కనిపించిందని భయపడి, బూడిద రంగు వచ్చేదాకా కాల్చడం ఒకటి. అప్పుడది నమిలినా నమిలినా సాగుతూనే ఉంటుంది. రెండోది ఇంకా ప్రమాదం. 'వీడియోలో గులాబీగానే తిన్నారు కదా' అని బర్గర్‌నూ, చికెన్‌నూ కూడా అలాగే తినేయడం. మొదటిదానిలో పోయేది డబ్బు. రెండోదానిలో ఆసుపత్రి పాలయ్యే రిస్క్ ఉంది.

రెండు చోట్లా జరుగుతున్న తప్పు ఒక్కటే. ఉడికిందో లేదో కంటితో చూసి తేల్చేయడం! మాంసం విషయంలో రంగు అంత నమ్మదగిన సాక్షి కాదు. లోపల ఎన్ని డిగ్రీల వేడి చేరింది..? ఆ ముక్క లోపలికి బ్యాక్టీరియా వెళ్లే దారి ఉందా..? ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలిస్తే స్టేక్ వండటం దోసె వేసినంత తేలిక.

ఆ ఎరుపు రక్తం కాదు

ముందుగా చాలామందికి వెగటు పుట్టించే విషయం. ప్లేట్‌లో కారే ఎర్ర నీళ్లను అందరూ రక్తం అనుకుంటారు. నిజానికి పశువును కోసిన వెంటనే రక్తం దాదాపు మొత్తం బయటకు పోతుంది. కండలో మిగిలేది నీరు, అందులో కరిగిన మయోగ్లోబిన్ అనే ప్రొటీన్. కండకు అవసరమైన ఆక్సిజన్‌ను దాచిపెట్టడం దీని పని. ఎరుపు రంగు దీనిదే. కోడి ఛాతీ కండలో ఇది చాలా తక్కువ కాబట్టి ఆ మాంసం తెల్లగా ఉంటుంది. పెద్ద పశువుల కండలో ఎక్కువ కాబట్టి ముదురు ఎరుపు.

ఈ మయోగ్లోబిన్ గాలి తగిలితే ఎర్రబడుతుంది. కొన్నాళ్లు ఉంటే గోధుమ రంగులోకి మారుతుంది. 60 డిగ్రీలు దాటి వేడెక్కే కొద్దీ బూడిద రంగుకు తిరుగుతుంది. అంటే రంగు మారడానికి వేడి ఒక్కటే కారణం కాదు. కొన్నిసార్లు మాంసం తగినంత ఉడకకముందే గోధుమ రంగులోకి వచ్చేస్తుంది. అమెరికా వ్యవసాయ శాఖ (యూఎస్‌డీఏ) చెబుతున్న లెక్క చూస్తే ఆశ్చర్యపోవాల్సిందే. ప్రతి 4 హాంబర్గర్లలో 1 సురక్షితమైన వేడికి చేరకముందే మధ్యలో గోధుమ రంగుకు మారుతుందట! గోధుమ రంగు వచ్చింది, ఇక భయం లేదు అనుకుంటే దెబ్బతిన్నట్టే.

మరి గులాబీ రంగు స్టేక్ తింటే ఏమీ కాదా..?

ఇది అసలు ప్రశ్న. దీనికి జవాబు బ్యాక్టీరియా ఎక్కడ ఉంటుందన్న దానిలో ఉంది.

ఆరోగ్యంగా ఉన్న పశువు కండ లోపలి భాగంలో సాధారణంగా హానికర బ్యాక్టీరియా ఉండదు. కోసేటప్పుడు, చర్మం తీసేటప్పుడు, పేగులు తగిలినప్పుడు, కత్తి నుంచో బల్ల నుంచో పైభాగానికి అంటుకుంటుంది. కోయకుండా, గుచ్చకుండా ఉన్న మందపాటి ముక్కలో అది పైపైనే ఉంటుంది. 200 డిగ్రీలు దాటిన పెనం మీద ఆ పైభాగం క్షణాల్లో శుద్ధి అయిపోతుంది. లోపల 55 డిగ్రీలే ఉన్నా రిస్క్ తక్కువగా ఉండటానికి కారణం ఇదే.

ఇప్పుడు అదే ముక్కను కీమా కొట్టారనుకుందాం. పైన ఉన్నదంతా లోపలికి కలిసిపోతుంది. కీమా ఉండలో 'పైభాగం' అనేదే మిగలదు, ప్రతి కణమూ ఒకప్పుడు పైభాగమే కావచ్చు. అందుకే స్టేక్‌కు వర్తించే రూల్ బర్గర్‌కు, కబాబ్‌కు, కీమా ముద్దకు వర్తించదు. 1993లో అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో జరిగిన ఘటన దీనికి ఉదాహరణ. సరిగా ఉడకని హాంబర్గర్ల ద్వారా ఈ.కోలి ఓ157:హెచ్7 అనే బ్యాక్టీరియా వ్యాపించింది. 700 మందికి పైగా జబ్బుపడ్డారు. నలుగురు పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. ఆ మరుసటి ఏడాది, 1994లో, కీమాలో ఆ బ్యాక్టీరియా కనిపిస్తే దాన్ని కల్తీ సరుకుగానే పరిగణిస్తామని అక్కడి ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది.

చికెన్ సంగతి వేరు. సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ లాంటివి కోడి మాంసంలో పైభాగానికే పరిమితం అవుతాయన్న భరోసా లేదు. కాబట్టి గులాబీ రంగు చికెన్ అనే మాటే వద్దు.

యూఎస్‌డీఏ చెప్పే లెక్క ఇలా ఉంది. బీఫ్, లాంబ్, పోర్క్ లాంటివి ముక్కగా వండితే మధ్యలో 63 డిగ్రీల సెల్సియస్ (145 ఫారెన్‌హీట్) చేరాలి, స్టవ్ నుంచి దించాక కనీసం 3 నిమిషాలు ఆగాలి. కీమా అయితే 71 డిగ్రీలు (160 ఫారెన్‌హీట్). చికెన్, టర్కీ ఏ రూపంలో ఉన్నా 74 డిగ్రీలు (165 ఫారెన్‌హీట్).

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. హోటళ్లలో అందరూ గొప్పగా చెప్పే 'మీడియం రేర్' ఈ 63 కంటే తక్కువే.. సుమారు 54 నుంచి 57 డిగ్రీలు. 'రేర్' అయితే 50 దగ్గరే. అందుకే అమెరికా హోటళ్ల మెనూలో కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో, సరిగా ఉడకని మాంసం తింటే జబ్బు చేసే అవకాశం ఉందని రాసి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు ఆ కొద్దిపాటి రిస్క్ తెలిసి తీసుకుంటారు. అది వాళ్ల ఇష్టం. కానీ గర్భిణులు, 5 ఏళ్ల లోపు పిల్లలు, 65 దాటిన పెద్దలు, షుగరు ముదిరినవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు మాత్రం 63 కంటే ఒక్క డిగ్రీ కూడా తగ్గకూడదు. గర్భిణుల విషయంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి భయం అదనం. అది కండ లోపలే ఉంటుంది కాబట్టి పైన ఎంత మాడ్చినా లాభం లేదు. అమెరికాలో కూతురి పురుడు కోసం వెళ్లిన అమ్మలు 'బాగా ఉడికించి పెట్టు' అని పట్టుబడితే ఆ మాట వినడమే మంచిది.

మసాలా పట్టాలని గాట్లు పెడుతున్నారా..?

మన వంటింట్లో ఒక అలవాటు ఉంది. ఉప్పూకారం లోపలికి పట్టాలని ముక్కకు కత్తితో గాట్లు పెడతాం, ఫోర్కుతో పొడుస్తాం. పులుసులో, వేపుడులో అది మంచి పద్ధతే. ఎందుకంటే అక్కడ ముక్క నడిమధ్య దాకా ఉడుకుతుంది. స్టేక్‌ను మాత్రం గులాబీగా తినాలనుకుంటే ఒక్క పోటు కూడా పొడవకూడదు. ప్రతి రంధ్రం పైన ఉన్న బ్యాక్టీరియాను లోపలికి నెట్టే దారే.

చాలామందికి తెలియని విషయం మరొకటి. ఈ పని కొన్నిసార్లు దుకాణానికి రాకముందే జరిగిపోయి ఉంటుంది! ముక్క మెత్తబడాలని ఫ్యాక్టరీలో సన్నటి బ్లేడ్లు, సూదులతో గుచ్చుతారు. కంటికి ఆ గుర్తులు కనిపించవు. 2016 నుంచి అమెరికాలో ఇలాంటి బీఫ్ ప్యాకెట్ల మీద 'బ్లేడ్ టెండరైజ్డ్' లేదా 'మెకానికల్లీ టెండరైజ్డ్' అని తప్పనిసరిగా ముద్రించాలి. ఎలా వండాలో కూడా రాయాలి. ఆ మాట లేబుల్ మీద కనిపిస్తే మీడియం రేర్ ఆలోచన పక్కన పెట్టేయాలి. 63 డిగ్రీలు, ఆపైన 3 నిమిషాలు. రేటు చూసే ముందు ఈ లైన్ చూడటం అలవాటు చేసుకుంటే చాలు.

ఏ ముక్క కొనాలి..?

మన మటన్ కూర ఎందుకు కుక్కర్‌లో అన్ని విజిల్స్ అడుగుతుంది..? మేక ఎక్కువగా కదిలించే కాళ్లు, భుజాల కండలో కొల్లాజెన్ అనే గట్టి పదార్థం ఉంటుంది. తడి వేడిలో చాలాసేపు ఉంటే అది కరిగి జిగురులా మారుతుంది. పులుసు చిక్కబడేది, ముక్క వెన్నలా విడిపోయేది దీనివల్లే. స్టేక్‌కు అంత టైమ్ ఉండదు. 10 నిమిషాల్లో అయిపోవాలి. కాబట్టి పెద్దగా పని చేయని కండే కావాలి. అది వెన్నెముక పక్కన ఉంటుంది. మన మాంసం దుకాణంలో 'చాప్స్' అని అడిగి తీసుకునేదీ దాదాపు ఆ ప్రాంతమే.

అమెరికా దుకాణాల్లో రిబ్‌ఐ, న్యూయార్క్ స్ట్రిప్, టెండర్‌లాయిన్ అనేవి ఈ కోవకే వస్తాయి. మొదటిసారి వండేవాళ్లకు రిబ్‌ఐ మేలు. అందులో తెల్లటి కొవ్వు గీతలు ఎక్కువ. ఒకట్రెండు డిగ్రీలు అటూఇటూ అయినా ఎండిపోదు. టెండర్‌లాయిన్ అన్నిటికంటే మెత్తన, అన్నిటికంటే ఖరీదు.. రుచి విషయంలో మాత్రం రిబ్‌ఐ ముందు తేలిపోతుంది. ప్యాకెట్ మీద ఉండే ప్రైమ్, చాయిస్, సెలెక్ట్ అనే గ్రేడ్లు ప్రధానంగా ఆ కొవ్వు గీతలను, పశువు వయసును బట్టి ఇచ్చేవి. చాయిస్‌లో మంచి ముక్క ఏరుకుంటే ఇంట్లోకి సరిపోతుంది. చక్, బ్రిస్కెట్ చవకగా ఉన్నాయని స్టేక్‌లా కాల్చితే రబ్బరే. వాటిని కూరకు, దమ్ బిర్యానీకి వాడుకుంటే అదిరిపోతాయి.

మందం చాలా ముఖ్యం. అంగుళానికి తగ్గకూడదు, అంగుళంన్నర ఉంటే మంచిది. అరంగుళం ముక్క అయితే పైన రంగు వచ్చేలోపే లోపల ఉడికిపోతుంది. ఇద్దరు మనుషులకు రెండు పల్చటి ముక్కలు కొనేకంటే ఒక్క మందపాటి ముక్క కొని పంచుకోవడం తెలివైన పని.

తడి ఉంటే రంగు రాదు

పైన వచ్చే ఆ కరకరలాడే గోధుమ రంగు పొర వెనక ఒక రసాయన చర్య ఉంది. 1912లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త లూయీ కమీల్ మైలార్డ్ దీన్ని వివరించాడు కాబట్టి ఆయన పేరే పెట్టారు. ప్రొటీన్లలోని అమైనో ఆమ్లాలు, చక్కెరలు వేడికి కలిసి కొత్త రుచులు, వాసనలు పుట్టిస్తాయి. దోసె ఎర్రగా కాలడం, ఉల్లిపాయ వేగినప్పుడు వచ్చే కమ్మదనం.. వీటిలోనూ ఇదే మైలార్డ్ చర్య ఉంది. ఇది జోరుగా సాగాలంటే సుమారు 140 డిగ్రీలు దాటాలి. నీళ్లు 100 డిగ్రీల దగ్గరే ఆవిరవుతాయి. ముక్క మీద తడి ఉన్నంతసేపు పెనం వేడంతా ఆ నీళ్లను ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది. ముక్క వేగదు, ఉడుకుతుంది. రంగు రాదు.

దీనికి మందు ఉప్పు, ఓపిక. కిలోకు సుమారు 10 గ్రాముల చొప్పున ఉప్పు పట్టించి, ఒక జాలీ మీద పెట్టి, మూత లేకుండా ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచాలి. కింద పళ్లెం పెట్టి అట్టడుగు అరలో ఉంచితే మిగతా వాటి మీద కారదు. ఉప్పు ముందు నీటిని బయటకు లాగుతుంది. తర్వాత ఆ ఉప్పునీరే మళ్లీ లోపలికి ఇంకుతుంది. పైభాగం ఫ్రిజ్ గాలికి ఆరిపోతుంది. అంత టైమ్ లేదా..? కనీసం 40 నిమిషాలు ఆగాలి. అదీ కుదరకపోతే సరిగ్గా పెనం మీద వేసే ముందే ఉప్పు చల్లాలి. ఉప్పు వేసి 10, 15 నిమిషాలకు వండటం అన్నిటికంటే చెత్త టైమింగ్. నీరంతా పైకొచ్చి ఉంటుంది, లోపలికి మాత్రం వెళ్లి ఉండదు. ఏ పద్ధతిలోనైనా చివర్లో పేపర్ టవల్‌తో గట్టిగా తుడవాల్సిందే.

కారం, ధనియాల పొడి, గరం మసాలా ముందే పట్టిస్తే ఏమవుతుంది..? ఆ వేడికి మాడి చేదెక్కుతాయి. మిరియాల పొడి కూడా ఆఖర్లోనే.

దోసె పెనం ఉంటే చాలు

ఖరీదైన ప్యాన్ కొనక్కర్లేదు. ఇండియా నుంచి సూట్‌కేసులో మోసుకెళ్లిన మందపాటి ఇనుప పెనం దీనికి భేషుగ్గా పనికొస్తుంది. బరువైన ఇనుము వేడిని దాచుకుంటుంది, చల్లటి ముక్క పడినా ఒక్కసారిగా చల్లారిపోదు. నాన్‌స్టిక్ మాత్రం వద్దు. ఖాళీగా విపరీతంగా వేడి చేస్తే దాని పూత పాడవుతుంది.

దోసె వేసే ముందు పెనం మీద నీళ్లు చిలకరించి చూడటం ప్రతి ఇంట్లో ఉన్నదే. చుక్క చుయ్‌మని ఆవిరైపోతే దోసెకు పెనం రెడీ. స్టేక్‌కు ఇంకా వేడి కావాలి. చుక్క వెంటనే ఆవిరి కాకుండా ముత్యంలా ఉండకట్టి పెనం మీద పరుగులు తీయాలి. ఆ తడి పూర్తిగా పోయాకే కొద్దిగా నూనె. వేరుశనగ నూనె, రిఫైన్డ్ సన్‌ఫ్లవర్ అయితే ఈ వేడిని తట్టుకుంటాయి. వెన్న మొదట్లోనే వేస్తే అందులోని పాల పదార్థం మాడిపోతుంది. అదే నెయ్యి అయితే కాచి వడకట్టిందే కాబట్టి ఆ బాధ లేదు. వీడియోల్లో చివరి నిమిషంలో వెన్న, వెల్లుల్లి, థైమ్ ఆకు వేసి గరిటెతో ముక్క మీద పోస్తుంటారు. దాని బదులు నెయ్యి, దంచిన వెల్లుల్లి, ఒక రెమ్మ కరివేపాకు వేస్తే..? వాసన పక్కింటికి వెళ్తుంది!

ఒక్కసారే తిప్పాలా..? రసం లాక్ అవుతుందా..?

'పైన గట్టిగా కాల్చితే లోపలి రసం లాక్ అయిపోతుంది'.. వంట వీడియోల్లో తరచూ వినిపించే మాట. ఇది 19వ శతాబ్దపు జర్మన్ కెమిస్ట్ యుస్టస్ ఫాన్ లీబిగ్ ప్రచారంలోకి తెచ్చిన ఆలోచన. తప్పని తేలి చాలా కాలమైంది. 1984లో వచ్చిన 'ఆన్ ఫుడ్ అండ్ కుకింగ్' పుస్తకంలో హెరాల్డ్ మెక్‌గీ దీన్ని పూర్వపక్షం చేశాడు. అయినా ఈ మాట చావలేదు. రుజువు కోసం ల్యాబ్‌కు వెళ్లక్కర్లేదు. ముక్క కాలుతున్నంతసేపు చుయ్‌మని శబ్దం వస్తూనే ఉంటుంది కదా.. అది బయటకు వస్తున్న నీరు ఆవిరవుతున్న శబ్దమే. లాక్ పడి ఉంటే పెనం నిశ్శబ్దంగా ఉండాలి. పైన కాల్చేది రుచి కోసం, రసం కోసం కాదు.

రసం ఉండటం, పోవడం తేలేది లోపలి వేడితోనే. 50 దాటాక కండ పోగులు బిగుసుకోవడం మొదలవుతుంది. 60 దాటాక చుట్టూ ఉన్న కొల్లాజెన్ కుంచించుకుపోయి తడి గుడ్డను పిండినట్టు పిండుతుంది. 70 దగ్గరకు వచ్చేసరికి పిండాల్సింది పెద్దగా మిగలదు. 57కీ 70కీ మధ్య ఉన్న ఆ 13 డిగ్రీలే మెత్తటి ముక్కకీ రబ్బరు ముక్కకీ తేడా. పెనం మీద ఆ దూరం దాటడానికి రెండు, మూడు నిమిషాలు చాలు. ఫోన్ చూస్తూ కూర్చుంటే అయిపోయినట్టే.

ఒక్కసారే తిప్పాలన్న రూల్‌ను కూడా పట్టించుకోనక్కర్లేదు. అరనిమిషానికి ఒకసారి తిప్పుతూ ఉంటే వేడి రెండు వైపుల నుంచి సమంగా వెళ్తుంది. పైభాగం కింద బూడిద రంగు పొర పల్చగా ఉంటుంది, పైగా త్వరగా అవుతుంది. అంగుళంన్నర ముక్క మీడియం రేర్‌కు రావడానికి మొత్తం మీద 8 నుంచి 10 నిమిషాలు పట్టొచ్చు. 'పట్టొచ్చు' అనడానికి కారణం ఉంది. స్టవ్ మారితే, పెనం మారితే, ముక్క ఫ్రిజ్‌లోంచి ఎంత చల్లగా వచ్చిందో దాన్నిబట్టి ఆ లెక్క మారిపోతుంది.

20 డాలర్ల లోపు పరికరం.. దీన్ని మించింది లేదు

అందుకే నిమిషాలు లెక్కపెట్టడం కంటే డిజిటల్ థర్మామీటర్ కొనుక్కోవడం మంచిది. అమెరికాలో 20 డాలర్ల లోపే దొరుకుతుంది. ఒక్క ముక్క పాడు చేసుకుంటే పోయే డబ్బు అంత. అరచేతి కండను నొక్కి చూసి స్టేక్‌తో పోల్చే చిట్కా ఒకటి తిరుగుతోంది. రోజూ వందల ముక్కలు కాల్చే చెఫ్‌కు అది పని చేయొచ్చేమో. నెలకోసారి వండేవాళ్లకు కాదు.

సూది మొనను పై నుంచి కాకుండా పక్క నుంచి ముక్క నడిమధ్యకు గుచ్చాలి. ఎముకకు, కొవ్వుకు తగలకూడదు. పైభాగం రెండువైపులా బాగా కాలాకే గుచ్చాలి, గుచ్చిన ప్రతిసారీ సూదిని తుడవాలి. థర్మామీటర్ నిజం చెబుతోందా అన్న డౌట్ ఉంటే ఐస్ ముక్కలు నింపిన గ్లాసు నీళ్లలో పెట్టి చూస్తే సరి. 0 చూపించాలి.

ముక్కను దించాక కూడా పైనున్న వేడి లోపలికి వెళ్తూనే ఉంటుంది. మధ్యలో మరో 3 డిగ్రీల దాకా పెరుగుతుంది. 55 కావాలంటే 52 దగ్గరే దించేయాలి. సురక్షితంగా 63 పాటించేవాళ్లు మాత్రం ఇలా ముందే దించకూడదు. పెనం మీద ఉండగానే 63 చూపించాలి, ఆ తర్వాత 3 నిమిషాలు ఆగాలి. ఆ 3 నిమిషాలు రుచి కోసమే కాదు, మిగిలిన బ్యాక్టీరియాను చంపే పనిలో అదీ భాగమే.

మరీ మందంగా, రెండంగుళాలు ఉంటే పద్ధతి తిరగేయడం మేలు. ముందు ఓవెన్‌లో 120 డిగ్రీల (250 ఫారెన్‌హీట్) సన్నటి వేడిలో పెట్టి, లోపల కావాల్సినదానికి ఓ 6 డిగ్రీలు తక్కువ ఉన్నప్పుడు తీసి, సెగలు కక్కే పెనం మీద ఒక్కో వైపు నిమిషం కాల్చడం. పైభాగం ఓవెన్‌లోనే ఆరిపోయి ఉంటుంది కాబట్టి రంగు ఇట్టే వచ్చేస్తుంది.

కోసేటప్పుడు కండ పోగులు ఏ దిక్కుకు ఉన్నాయో చూసి వాటికి అడ్డంగా కోయాలి. పోగు పొడవు తగ్గితే నమలడం తేలిక.

పొగ అలారం మోగితే..?

అమెరికా అపార్ట్‌మెంట్లలో స్టేక్ వండేవాళ్లందరికీ ఉండే భయం ఇది. పెనం అంత వేడెక్కితే పొగ ఖాయం. కిటికీలు ముందే తెరవాలి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో పెట్టాలి, నూనె ఒక చెంచాకు మించకూడదు. కొందరు అలారం బ్యాటరీ తీసేస్తారు, ప్లాస్టిక్ కవర్ కట్టేస్తారు. ఆ పని అసలు చేయొద్దు. వంట అయ్యాక దాన్ని మళ్లీ పెట్టడం మర్చిపోతే, రాత్రి నిద్రలో నిజంగా మంటలు వచ్చినప్పుడు లేపేవాళ్లు ఉండరు. పెనంలో నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు. స్టవ్ ఆపేసి మూత పెట్టేయాలి, అంతే.

మరి హైదరాబాద్, విజయవాడలో వండాలంటే..?

స్టేక్ అంటే బీఫే కానక్కర్లేదు. అది ముక్క కోసే తీరు. బీఫ్ తిననివాళ్లు లాంబ్, పోర్క్ చాప్స్‌ను ఇదే పద్ధతిలో వండుకోవచ్చు. మన చేపల మార్కెట్లో వంజరాన్ని అడ్డంగా కోసి ఇచ్చే గుండ్రటి ముక్కలను ఇంగ్లిష్‌వాళ్లు అనేది కూడా స్టేక్ అనే.

తెలుగు రాష్ట్రాల్లో గోవధ నిషేధం 1977 నాటి చట్టం ప్రకారం అమల్లో ఉంది. ఇక్కడ బీఫ్ పేరుతో దొరికేది ప్రధానంగా గేదె, దున్న మాంసం. అదీ పాలకు, పనికి, ఈతకు ఇక పనికిరాదని ధ్రువీకరించిన పశువులదే అయి ఉండాలి. అంటే వయసు మళ్లినవి, కొవ్వు గీతలు లేనివి. అమెరికా రీల్ చూసి ఆ మాంసంతో రిబ్‌ఐ చేద్దామంటే కుదరదు. ముదురు మాంసానికి ఇక్కడివాళ్ల దగ్గర వేరే ఉపాయం ఎప్పటి నుంచో ఉంది.. పచ్చి బొప్పాయి. అందులోని పపైన్ అనే ఎంజైమ్ కండ పోగులను తెంచుతుంది. హైదరాబాద్ పత్తర్ కా గోష్ట్‌లో వాడేది ఇదే. ఎముక లేని మటన్‌ను పల్చటి పలకలుగా కోసి, కొట్టి, బొప్పాయి, మసాలా పట్టించి, నిప్పుల మీద కాగిన గ్రానైట్ రాయి మీద కాలుస్తారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వేటకు వెళ్లినప్పుడు పుట్టిన వంటకమని చెప్పుకుంటారు. వేడెక్కిన రాయి, పల్చటి ముక్క, సన్నటి నూనె పూత.. స్టేక్‌కు హైదరాబాదీ చుట్టమే అనుకోవచ్చు. తేడా ఒక్కటే, ఇది నడిమధ్య దాకా పూర్తిగా కాలుతుంది. బొప్పాయి మాత్రం గంటలు గంటలు ఉంచకూడదు, ముక్క పిండిలా అయిపోతుంది.

పూర్తిగా కాల్చడమే ఇక్కడ సరైన పద్ధతి కూడా. వీధి చివరి దుకాణంలో మాంసం ఉదయం నుంచి బయట వేలాడుతూ ఉంటుంది. ఒకే మొద్దు మీద కీమా, పేగులు, చాప్స్ అన్నీ కొడతారు. పైభాగంలో బ్యాక్టీరియా ఎంత ఉందో, ఎంత లోపలికి వెళ్లిందో తెలిసే మార్గం లేదు. ఆ మాంసంతో మీడియం రేర్ ప్రయోగాలు వద్దు. చాప్స్ వండితే మధ్యలో 71 దాకా తీసుకెళ్లడం మంచిది. కాస్త ఎండినా నిమ్మరసం, ఉల్లిపాయ ఉన్నాయి కదా.

మిగిలిన ముక్కను రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయాలి. మూడు, నాలుగు రోజుల్లో తినేయాలి. మళ్లీ వేడి చేస్తే లోపలి గులాబీ రంగు ఎలాగూ పోతుంది కాబట్టి దాన్ని మళ్లీ స్టేక్‌లా తినాలని చూడకుండా, పోగుకు అడ్డంగా సన్నగా తరిగి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, మిరియాల పొడితో వేపుడు చేస్తే వేడివేడి అన్నంలోకి సరిపోతుంది.